కిరాయి గదిలో నల్లులు: సిగ్గుపడాల్సింది ఎవరు?

(హైదరాబాదులో కిరాయికి ఉంటున్న కూలీలు, విద్యార్థులు, ఊళ్ళ నుంచి వచ్చిన కార్యకర్తలు కలిసిన బస్తీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మనం నల్లుల గురించి మాట్లాడుకుందాం. వెనక కూసున్న తమ్ముళ్ళు నవ్వుతున్నరు. నవ్వండి, తప్పు లేదు. భూమి గురించి, కూలి రేట్ల గురించి, రిజర్వేషన్ల గురించి, దాడుల గురించి మాట్లాడే సభలో ఈ నల్లుల ముచ్చట ఏందని అనిపించొచ్చు. అయితే ఒక్క మాట అడుగుతాం. నిన్న రాత్రి కంటినిండా నిద్రపోయినోళ్ళు చెయ్యెత్తండి. చూశారా, నవ్విన తమ్ముళ్ళే చెయ్యెత్తలేదు.

కూలోనికి ఆస్తి అంటూ ఏమున్నది? ఒళ్ళు ఒక్కటే. తెల్లారి అడ్డా మీద నిలబడాలంటే, ఇటుకలు మొయ్యాలంటే, నాలుగిండ్లల్ల గిన్నెలు తోమాలంటే, రోడ్లు ఊడ్వాలంటే ఆ ఒంటికి రాత్రి నిద్ర కావాలి. ఆ నిద్రను పొద్దున ఓనరు కిరాయి రూపంలో అమ్ముకుంటడు, రాత్రి నల్లి తాగుతది. మేం బడి పంతుళ్ళం. మొదటి గంటకే బల్ల మీద తల పెట్టి పడుకునే పిల్లల్ని చూస్తుంటాం. వాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదని పంతుళ్ళే తీర్పు చెప్పేస్తరు. చొక్కా చేతులు పైకి మడిచి చూస్తే వరసగా ఎర్రటి దద్దుర్లు, గోకి గోకి పుండ్లయిన చర్మం. మన పిల్లల చదువు వెనకబడటానికి చెప్పే పెద్ద పెద్ద కారణాలల్ల ఈ చిన్న కారణం ఎవరి లెక్కలోకీ రాదు. అందుకే ఇది ఉద్యమం మాట్లాడాల్సిన విషయమే.

నల్లులు ఎట్లా వస్తయి? ముందు ఈ సంగతి తేల్చుకోవాలె. ఎందుకంటే మనోళ్ళను ఎక్కువ బాధపెట్టేది కుట్టడం కన్నా దాని మీద పడే మాట. గదిలో నల్లులున్నయని ఓనరుకు చెప్తే మొదట వచ్చే జవాబు, "మీరొచ్చినంకనే వచ్చినయి. మీరు శుభ్రంగా ఉండరు" అని. ఆ "మీరు" అనే మాటలో ఏముందో మనకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఊళ్ళో వెలివాడ అని వేరుగా కట్టిన గోడ, పట్నంలో ఆ ఒక్క మాటలో ఉంటది.

నల్లికి మురికితో పని లేదు. దానికి కావల్సింది రక్తం. మనిషి ఒంటి వేడిని, మనం వదిలే ఊపిరిని పసిగట్టి వస్తది. బంగ్లాలో పడుకున్నా, రేకుల గదిలో పడుకున్నా ఊపిరి ఒక్కటే. పెద్ద పెద్ద హోటళ్ళల్ల ఉన్నయి. న్యూయార్కు అపార్టుమెంట్లల్ల ఉన్నయి. 2023లో పారిస్ నగరంలో రైళ్ళల్ల, సినిమా హాళ్ళల్ల నల్లులున్నయని గగ్గోలు లేస్తే అక్కడి ప్రభుత్వమే సమావేశాలు పెట్టుకోవాల్సొచ్చింది. పారిస్ వాళ్ళను ఎవరన్నా మీదే కులమని అడిగారా? గదిలో సామాను కుప్పగా ఉంటే నల్లి దాక్కోవడానికి చోట్లు ఎక్కువైతయి, అది నిజం. కానీ పదడుగుల గదిలో అయిదుగురు బతకాలంటే సామాను కుప్పగాక ఏమైతది? ఆ గది అంత చిన్నగా కట్టింది మనం కాదు గదా.

నల్లికి రెక్కల్లేవు, ఎగరలేదు, దుంకలేదు. నడుస్తది, లేదంటే సామాను మీద ప్రయాణం చేస్తది. పాత మంచం, పాత సోఫా, పాత పరుపు, ట్రంకుపెట్టె, బస్సు సీటు, హాస్టలు బొంత. వీటి మీదనే ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోతది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అగ్గువకు మంచం దొరుకుతది. మనకు కొత్త మంచం కొనే స్తోమత ఉంటే ఆ సంతకు పోతమా? ఇంకోటి, వరసగా ఆరు గదులు కట్టి ఆరు కుటుంబాలకు కిరాయికిస్తే, మధ్య గోడ పగుళ్ళలో నుంచి, కరెంటు పైపు సందుల్లో నుంచి ఒక గదిలోవి ఇంకో గదిలోకి నడుస్తయి. అందుకే "ఎవరు తెచ్చారు" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరకదు. దొరకని జవాబును మన నెత్తిన రుద్దుతరు.

సుమతీ శతకంలో ఒక పద్యం ఉంది, మేమూ బడిలో చెప్పిందే. అల్పుడితో సావాసం చేస్తే కీడొస్తదని చెప్పడానికి నల్లి కుట్టిన మంచాన్ని పోలిక తెస్తది. కుట్టింది నల్లి, దెబ్బలు తినేది మంచం. పిల్లలకు ఈ పద్యం చెప్పినప్పుడల్లా మాకు ఒకటే అనిపిస్తది: ఎవడు అల్పుడో తేల్చే హక్కు పద్యం రాసినోళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. ఇయ్యాల పట్నంలో ఆ మంచం మనమే. నల్లి గోడలో ఉంటది, దెబ్బలు మనకు పడతయి. అడ్వాన్సు మింగి గది ఖాళీ చెయ్యమంటరు.

ఇల్లు దొరకని బాధ మనకు కొత్తది కాదు. 1917లో అంబేడ్కర్ విదేశాల్లో పెద్ద చదువు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. అంత చదువుకున్న మనిషికి ఆ ఊళ్ళో తలదాచుకోవడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉన్నారు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని గుంపుగా వచ్చి బయటికి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే రాసుకున్నారు. నూరేండ్లు దాటింది. ఇప్పటికీ "టు లెట్" బోర్డు చూసి పోతే ఇంటి పేరు అడుగుతరు, ఊరు అడుగుతరు, తింటానికి ఏం వండుతరని అడుగుతరు. కులం అడగకుండా కులం తెలుసుకునే విద్య అది. అట్లాంటి చోట గది దొరకడమే గొప్పయినప్పుడు, నల్లులున్నయని ఫిర్యాదు చేసే ధైర్యం ఎక్కడి నుంచి వస్తది? మనోళ్ళు నోరు మూసుకునేది ఇందుకే. నోరు మూసుకుంటే నల్లులు ఇంకో గదికి పోతయి, అక్కడివాళ్ళూ నోరు మూసుకుంటరు.

కాబట్టి రెండు పనులు. ఒకటి, నల్లిని ఎట్లా పట్టాలె, ఎట్లా చంపాలె. రెండు, ఎవరికి చెప్పాలె, ఎట్లా చెప్పాలె. వరసగా చెప్పుకుందాం. పెన్నూ కాగితం ఉన్నోళ్ళు రాసుకోండి, లేనోళ్ళకు రాసుకున్నోళ్ళు చెప్పండి.

ముందు శత్రువు ఎవరో తెలవాలె. పెద్ద నల్లి మసూరు పప్పు బద్దంత ఉంటది, ఎర్రటి గోధుమ రంగు, బల్లపరుపుగా. రక్తం తాగినంక ఉబ్బుతది. పిల్లలు తెల్లగా, పేలంత చిన్నగా. గుడ్లు తెల్లటి రవ్వ గింజల్లాగా చెక్కకు అతుక్కుని ఉంటయి. ఒక ఆడ నల్లి తన జీవితంలో వందల గుడ్లు పెడతది. మన ఎండలకు వారం పది రోజుల్లో పొదుగుతయి. పుట్టిన పిల్ల అయిదుసార్లు కుబుసం విడిచి పెద్దదైతది. ప్రతిసారీ ఒకసారన్నా రక్తం తాగాలె. వేడి ప్రాంతంలో నెలా నెలన్నరలో కొత్త తరం తయారు. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతది. అందుకే గదికి తాళమేసి పండుగకు ఊరికి పోయొస్తే చస్తయనుకోవద్దు.

దోమ కుట్టిందా, నల్లి కుట్టిందా అని ఒంటి మీది దద్దుర్లు చూసి చెప్పలేం. డాక్టర్లు కూడా చెప్పలేరు. కొందరికి అసలు దద్దుర్లే రావు. కాబట్టి మంచం వెతకాలె. రాత్రి రెండు మూడు గంటలకు లైటు వేసి పరుపు కుట్లు, మంచం కోళ్ళు, చెక్క కీళ్ళు, మేకుల సందులు, నవారు మడతలు, గోడ క్యాలెండరు వెనక, స్విచ్ బోర్డు అంచులు చూడండి. నల్ల సిరా చుక్కల్లాంటి మరకలు కనబడితే అవి నల్లి విసర్జన. కుబుసాలు, గుడ్లు, దుప్పటి మీద రక్తపు చుక్కలు కూడా గుర్తులే. ఒకదాన్ని పట్టి అంటుకునే టేపు మీద అతికించి దాచండి. దాని పని తర్వాత ఉంది.

ఇది రోగాలను మోసుకొస్తదా అని అక్కలు అడుగుతున్నరు. నల్లి వల్ల మనిషి నుంచి మనిషికి రోగం పాకుతదని రుజువు కాలేదు. అయితే గోకిన పుండ్లు చీము పడతయి, నిద్ర పోతది, మనసు పాడైతది. నల్లులు బాగా పెరిగిపోయిన చోట పసిపిల్లలకు, బలహీనంగా ఉన్నోళ్ళకు రక్తహీనత కూడా రావొచ్చు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. మిగిలినవి మరిచిపోయినా ఇది మరిచిపోవద్దు. గదిలో విషం పెట్టొద్దు. ధాన్యం బస్తాలకు పురుగు పట్టకుండా పెట్టే గోళీలుంటయి, అల్యూమినియం ఫాస్ఫైడ్. తడి గాలి తగిలితే దాని నుంచి విషవాయువు వస్తది. అది గోడ సందుల్లో నుంచి పక్క గదికి పోతది. దానికి విరుగుడు మందు లేదు. నల్లుల కోసం ఈ గోళీలు పెట్టడం వల్ల మన దేశంలో, దుబాయ్, షార్జాల్లో కూడా మనుషులు చచ్చిపోయారు. చాలాసార్లు చచ్చింది గోళీలు పెట్టినోళ్ళు కాదు, పక్క ఇంట్లో నిద్రపోతున్న పిల్లలు. ఈ గోళీలను మామూలు మనుషులకు అమ్మడానికి మన చట్టం ఒప్పుకోదు. ఎవడన్నా రహస్యంగా అమ్మితే కొనొద్దు. గల్ఫుకు పోయిన మన తమ్ముళ్ళకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి. అక్కడి లేబరు క్యాంపుల్లోనూ నల్లుల బాధ ఉంది.

అట్లాగే ఊరి నుంచి పత్తి చేలో కొట్టే మందు సీసాలో తెచ్చి పరుపు మీద చల్లొద్దు. ఇండ్లల్ల బాగా వాడిన డైక్లోర్వాస్ అనే మందు 2020 చివరి నుంచి దేశంలో నిషేధం. గ్యాసునూనె, పెట్రోలు పొయ్యొద్దు. పదడుగుల గదిలోనే వంట, పడక. నిప్పు అంటుకుంటే బయటికి దారి కూడా ఉండదు. బజార్లో దొరికే స్ప్రేలకు చాలా నల్లులు అలవాటు పడిపోయినయి. 1953లో మలేరియా మీద దేశమంతా డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. తొలి ఏండ్లల్ల నల్లులు కూడా పోయినయని మన పెద్దలు చెప్పుకునేది. తర్వాత డీడీటీకి నల్లి లొంగడం మానేసింది. ఇయ్యాలటి మందులకూ అదే కథ నడుస్తున్నది.

మరి ఏంతో చావాలె? వేడితో. ఏ నల్లీ వేడికి అలవాటు పడలేదు. యాభై డిగ్రీలు దాటిన వేడి నల్లికీ, గుడ్డుకూ పట్టుకుంటే చస్తయి. బట్టలు, దుప్పట్లు, మెత్త గలేబులు మరగకాగిన నీళ్ళల్ల నానబెట్టి ఉతకండి. నులక మంచం, ఇనుప మంచం బయటికి తెచ్చి కీళ్ళల్ల, సందుల్లో సలసల కాగే నీళ్ళు పొయ్యండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఉతికిన బట్టలను గట్టిగా మూతి కట్టిన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి. ఎండలో పరుపు వేయడం మంచిదే కానీ, దూది పరుపు లోపలికి ఆ వేడి అందదు. పైన కాలితే నల్లి లోపలికి పోతది. అందుకని ఒక్క ఎండ మీదే ఆధారపడొద్దు. పరుపు మరీ పాడైతే చింపి పారెయ్యండి. అట్లనే చెత్తకుండీ దగ్గర పెడితే ఇంకో పేదోడు ఎత్తుకపోతడు. ముందు కోసి, "నల్లులున్నయి" అని రాసి పెట్టండి.

రెండోది, చోట్లు మూసెయ్యడం. గోడ పగుళ్ళు, దర్వాజ చట్రం సందులు, కరెంటు పైపు చుట్టూ ఉన్న తొర్రలు సిమెంటుతో మూసి సున్నం వెయ్యాలె. మూడోది, మంచాన్ని గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా జరిపి, దుప్పటి నేలకు తగలకుండా మడిచి, కోళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టండి. గిన్నెలో దోమలు పెరగకుండా రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చండి. నాలుగోది, ఒక్కసారితో అయిపోయిందనుకోవద్దు. గుడ్లు మిగిలితే వారం పది రోజులకు మళ్ళీ పొదుగుతయి. అందుకే వారానికోసారి, కనీసం ఆరు వారాలు మళ్ళీ మళ్ళీ వెతకాలె, మళ్ళీ మళ్ళీ కాచిన నీళ్ళు పొయ్యాలె. అయిదోది అన్నిటికన్నా గట్టిది. ఆరు గదులుంటే ఆరు గదులూ ఒకే రోజు చెయ్యాలె. ఒక్క గది చేస్తే నల్లులు పక్క గదికి వలస పోతయి, నాలుగు రోజులకు తిరిగొస్తయి. మనం ఐక్యంగా లేకపోతే నల్లి కూడా గెలుస్తది.

మందు కొట్టించాల్సి వస్తే పురుగుమందుల చట్టం కింద లైసెన్సు ఉన్నోళ్ళతోనే కొట్టించాలె. లైసెన్సు చూపించమని అడగండి. ఏ మందు కొడుతున్నరో పేరు రాయించుకోండి. ఒక్కసారి కొట్టి డబ్బులు తీసుకుని పోయేటోళ్ళను నమ్మొద్దు. పది పదిహేను రోజులకు రెండోసారి వచ్చి చూసే షరతు పెట్టండి. ఈ ఖర్చు ఎవరిది? ఇక్కడే రెండో పని మొదలైతది.

ఇంటి మరమ్మతు ఖర్చు గురించి పాత చట్టం ఒకటి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108. ఓనరు చెయ్యాల్సిన మరమ్మతులు ఉండి, కిరాయిదారు నోటీసు ఇచ్చినా తగిన గడువులో చెయ్యకపోతే, కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో పట్టుకోవచ్చని అందులో ఉంది. ఆ చట్టంలో నల్లి అనే మాట లేదు. పగిలిన గోడ, ఊడిన గిలాబు, పుచ్చిన చట్రం మరమ్మతు కిందికి వస్తయి. నల్లి ఉండేది అక్కడే. కాబట్టి నోటీసులో నల్లులొక్కటే రాయొద్దు, నల్లులుండే పగుళ్ళు ఎక్కడెక్కడ ఉన్నయో రాయండి. అయితే ఓనరు చెయ్యాల్సిన మరమ్మతు ఏది అనేది మీ అగ్రిమెంటును బట్టి కూడా ఉంటది. చిన్న చిన్న మరమ్మతులన్నీ కిరాయిదారే చేసుకోవాలని సంతకం పెట్టించుకునే ఓనర్లున్నరు. సంతకం పెట్టేముందు చదివించుకోండి.

నోటీసు అంటే భయపడొద్దు. వకీలు రాయాల్సిన పని లేదు. తెల్ల కాగితం మీద తేదీ వేసి ఇట్లా రాస్తే చాలు:

"ఇంటి యజమాని గారికి. మీ ఇంటి ఫలానా నెంబరు గదిలో ఫలానా నెల నుంచి కిరాయికి ఉంటున్నాము. ప్రతి నెలా కిరాయి కడుతున్నాము. ఫలానా తేదీన గదిలో నల్లులు ఉన్నట్టు గుర్తించాము. తూర్పు గోడ పగుళ్ళలో, దర్వాజ చట్రంలో, కరెంటు పైపు పక్కన ఉన్నాయి. పక్క గదుల్లో కూడా ఉన్నాయి. పదిహేను రోజుల్లో పగుళ్ళు మూయించి, అన్ని గదులకూ ఒకేసారి లైసెన్సు ఉన్నవారితో మందు కొట్టించమని కోరుతున్నాము. ఇట్లు, కింద సంతకాలు చేసిన కిరాయిదారులు."

ఒక్కరు కాదు, ఆరు గదులవాళ్ళూ సంతకాలు పెట్టండి. ఒక్కరే పెడితే ఆ ఒక్కరినే ఖాళీ చేయిస్తరు. రెండు కాపీలు రాసి ఒకదాని మీద ఓనరు సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోండి, వాట్సాప్‌లో కూడా పంపండి. టేపు మీద అతికించిన నల్లి, తేదీతో తీసిన ఫోటోలు, గోడ పగుళ్ళ ఫోటోలు, పిల్లల దద్దుర్లకు డాక్టరు రాసిన చీటీ అన్నీ ఒక కవరులో పెట్టండి. గదిలోకి దిగిన రోజే గోడలు, చట్రాలు ఫోటోలు తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది. "మీరొచ్చినంకనే" అనే మాటకు అదే జవాబు.

కోపంలో కిరాయి ఆపెయ్యొద్దు. ఆపితే కిరాయి ఎగ్గొట్టారనే నేరం మన మీదికొస్తది, నల్లుల సంగతి పక్కకు పోతది. కిరాయి చేతికిస్తే రసీదు తీసుకోండి, లేదా ఫోన్ నుంచి పంపి ఆ లెక్క దాచుకోండి. ఖర్చు పట్టుకోవాలనుకుంటే ముందు రాతపూర్వకంగా చెప్పి, బిల్లులు పెట్టుకుని, వకీలు సలహా తీసుకున్నంకనే పట్టుకోండి. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ఓనరు నీళ్ళు, కరెంటు లాంటి సౌకర్యాలు ఆపడానికి వీల్లేదు. ఆ చట్టం కొత్తగా కట్టిన ఇండ్లకు, ఒక హద్దు దాటిన కిరాయిలకు వర్తించదు. మీ గదికి వర్తిస్తదో లేదో తేల్చుకోవాలె.

ఆ వకీలుకు ఫీజెక్కడిదంటరా? 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఉచిత న్యాయ సహాయం హక్కు. ఆదాయం ఎంతని అడగరు. ఆడవాళ్ళకూ అంతే. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంటది. కుల ధ్రువపత్రం పట్టుకుని పోండి. 15100 నెంబరుకు ఫోన్ చేసినా చెప్తరు. ఈ హక్కు ఉన్నదని మనోళ్ళకు తెలియకుండానే ఎన్నో ఏండ్లు గడిచిపోయినయి.

మునిసిపల్ కార్పొరేషనుకు కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వాళ్ళ దగ్గర కీటకాల విభాగం ఉంది. దోమల పని మాదంటరు, నల్లుల పని మాది కాదంటరు. అననియ్యండి. ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణి ఉంటది, అక్కడ అర్జీ ఇచ్చి నెంబరు తీసుకోండి. సర్కారు హాస్టళ్ళ సంగతైతే ఇంకా సూటిగా ఉంటది. అక్కడ ఓనరు ప్రభుత్వమే. ఈ ఏడు పరుపులకు ఎంత ఖర్చు పెట్టారు, పురుగుమందు ఎన్నిసార్లు కొట్టించారు, ఎవరికి బిల్లు చెల్లించారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలె. ఒక్క దరఖాస్తు పోతే వార్డెను మంచాలు బయట వేయించిన చోట్లు మేం చూశాం.

న్యూయార్కు సంగతి చెప్పాలె, పోల్చుకోవడానికి. అక్కడ కిరాయి ఇంట్లో నల్లులుంటే ఓనరుకు చెప్తరు. పట్టించుకోకపోతే 311 నెంబరుకు ఫోన్ చేస్తరు. నగర గృహ శాఖ నుంచి మనిషి వచ్చి చూస్తడు. నల్లులున్నయని తేలితే ఓనరు ముప్పై రోజుల్లో పోగొట్టాలె. 2010 నుంచి కొత్తగా దిగే కిరాయిదారుకు, గడిచిన ఏడాదిలో ఆ ఇంట్లో, ఆ భవనంలో నల్లులున్నయా లేదా అని ఓనరు రాసివ్వాలె. 2017లో చేసిన చట్టం ప్రకారం ప్రతి ఏడూ భవనం మొత్తం లెక్క ప్రభుత్వానికి పంపాలె, అది ఎవరైనా చూసుకోవచ్చు. అక్కడా పేదోళ్ళకూ నల్లజాతివాళ్ళకూ అన్నీ సజావుగా జరుగుతయని మేం అనడం లేదు. కానీ ఒక సంగతి గమనించండి. అక్కడి చట్టం "ఎవరు తెచ్చారు" అనే దగ్గర మొదలుకాదు, "ఎవరు పోగొట్టాలె" అనే దగ్గర మొదలైతది. మన నగరంలో అట్లాంటి చట్టం లేదు. అది కావాలని అడగాల్సింది మనమే, ఎందుకంటే రాత్రిళ్ళు మేలుకునేది మనమే.

ఇంకొక మాట. నల్లుల పేరు చెప్పి ఓనరు గానీ పక్కింటోళ్ళు గానీ నలుగురి ముందర కులం పేరుతో తిట్టినా, అవమానించినా అది నల్లుల కేసు కాదు, అట్రాసిటీ కేసు. 1989 చట్టం సెక్షన్ 3లో ఇది నేరం. అయితే ఆ మాట బయటి జనం చూసే, వినే చోట అన్నదై ఉండాలె. నాలుగ్గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేని చోట అంటే ఈ సెక్షను కింద నిలబడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఏ తేదీన, ఏ జాగాలో, ఎవరి ముందర, ఏ మాట అన్నరో అదే రోజు రాసిపెట్టుకోండి. సాక్షులు మన బంధువులే కాకుండా బయటివాళ్ళు ఉండేట్టు చూసుకోండి. ఉన్నది ఉన్నట్టే రాయండి. చట్టం మన చేతిలో పదునుగా ఉండాలంటే నిజమే చెప్పాలె.

ఊళ్ళ నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు ఒక మనవి. దసరాకో బోనాలకో పిల్లలు పట్నం నుంచి ఊరికొచ్చినప్పుడు వాళ్ళ సంచి తిన్నగా మంచం మీద పెట్టించకండి. వాకిట్లోనే విప్పి, బట్టలు కాగే నీళ్ళల్ల వేసి, ట్రంకుపెట్టె మూలలు ఎండలో వెతకండి. అయితే నవ్వుతూ చెయ్యండి. "పట్నం పోయి నల్లులు తెచ్చిండు" అని పదిమందిలో అనకండి. ఆ సిగ్గుతోనే పిల్లలు హాస్టల్లో బాధ దాచుకుంటరు. మన వాడలో మనమే ఒకర్ని ఒకరు దూరం పెడితే ఓనరు అన్న మాటకు మనం కూడా సంతకం పెట్టినట్టే.

కార్యకర్తలకు పని ఇది. ప్రతి బస్తీలో ఇద్దరు చదువుకున్న పిల్లల్ని పెట్టి, ఏ వరసలో ఎన్ని గదులు, ఎన్నింటిలో నల్లులు అని ఒక పట్టిక రాయించండి. నోటీసులు రాసిపెట్టే పని వాళ్ళకు అప్పజెప్పండి. బస్తీకి ఒక పెద్ద గంగాళం, ఒక పొయ్యి ఉమ్మడిగా పెట్టి ఆదివారం అందరి మంచాలూ బయటికి తెప్పించండి. ఆ ఆదివారమే అందరితో అర్జీ మీద సంతకాలు పెట్టించండి. మూడు కోరికలు రాయండి. కిరాయి ఇండ్లల్ల నల్లుల్ని పోగొట్టే బాధ్యత ఓనరుదేనని కార్పొరేషను నియమం చెయ్యాలె. పేద బస్తీల్లో దోమలకు పంపినట్టే నల్లులకూ మనుషుల్ని ఉచితంగా పంపాలె. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఏడాదికి రెండుసార్లు మంచాలు, పరుపులు తనిఖీ చేసి ఆ నివేదిక గోడకు అంటించాలె.

భూమి కోసం కొట్లాడే సంఘం నిద్ర కోసం కొట్లాడుతదా అని ఎవరన్నా అడిగితే, నిద్రపోయి లేచినోడే తెల్లారి భూమి కోసం నిలబడగలడని చెప్పండి. వచ్చే ఆదివారం ఈ వరసలోని ఆరు గదులతోనే మొదలుపెడదాం. గంగాళం మేం తెస్తాం, కట్టెలు మీరు తెండి. నోటీసు కాగితాలు ఇక్కడ బల్ల మీద ఉన్నయి. పోయేటప్పుడు ఇంటికొకటి తీసుకపోండి.

జై భీమ్!